వాయుగోణులు

ఊపిరితిత్తుల్లో శ్వాసనాళికల కొసన గుత్తులుగా ఉండే అతి చిన్న గాలి సంచులు వాయుగోణులు. ముక్కు, గొంతు, వాయునాళం గాలిని వడగట్టి, వెచ్చబరచి, తేమ చేర్చి లోపలికి పంపుతాయి. ఆక్సిజన్ రక్తంలో కలిసేది మాత్రం ఇక్కడే. పెద్దవారిలో ఇవి సుమారు 48 కోట్లు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదో వంతే ఉన్నా, అన్నిటి లోపలి వైశాల్యం దాదాపు 70 చదరపు మీటర్లు.

గాలికీ రక్తానికీ మధ్య గోడ చాలాచోట్ల ఒక మైక్రోమీటరు మందం కూడా ఉండదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎర్రకణం ఆ గోడ పక్కనున్న కేశనాళికను ముప్పావు సెకనులో దాటుతుంది. అందులో మూడో వంతు సమయంలోనే దానికి కావలసిన ఆక్సిజన్ అందుతుంది. మిగిలిన వ్యవధే పరుగెత్తేటప్పుడు మనల్ని ఆదుకునేది.

ఇంత సన్నని తడి సంచులు ఊపిరి వదిలిన ప్రతిసారీ ముడుచుకుని అతుక్కుపోకపోవడం నిజంగా ఆశ్చర్యమే. గోడలోని ప్రత్యేక కణాలు స్రవించే సర్ఫాక్టెంట్ అనే పదార్థం తలతన్యతను తగ్గించి వాటిని తెరిచి ఉంచుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఇది చాలకపోవచ్చు. అప్పుడు ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుంటుంది, వదిలేటప్పుడు మూలుగు వినిపిస్తుంది. ఈ లోపాన్ని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ వెల్లడించారు. నెలలు నిండకముందే కాన్పు అయ్యేలా ఉంటే ఇప్పుడు తల్లికి ముందుగానే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. అవసరమైతే సర్ఫాక్టెంట్‌నే సన్నని గొట్టంతో బిడ్డ వాయునాళంలోకి పంపుతారు.