పగలు కోర్టులో, రాత్రి పెరట్లో

ఉద్యోగం చేసుకుంటూ సైన్సు చెయ్యడం అయ్యే పనేనా? మన ఫీల్డులో ఎవర్నడిగినా నవ్వేస్తారు. "వీకెండొస్తే బట్టలుతుక్కోడానికే టైముండదు, ఇంకా సైన్సు కూడానా!" అంటారు. అలాంటివాళ్ళకి చెప్పడానికి నా దగ్గరొక కథ ఉంది. కథ అన్నానని కల్పితం అనుకునేరు, అక్షరాలా జరిగిందే.

1870ల్లో షికాగోలో షెర్బర్న్ వెస్లీ బర్న్‌హామ్ అని ఒకాయన ఉండేవాడు. కోర్టులో స్టెనోగ్రాఫరు. పగలంతా అక్కడి వాదనలు షార్ట్‌హ్యాండులో రాసుకోవడం ఆయన ఉద్యోగం. ఖగోళశాస్త్రంలో డిగ్రీ సంగతి దేవుడెరుగు, అసలు కాలేజీ మెట్లే ఎక్కలేదు. షార్ట్‌హ్యాండు కూడా సొంతంగా నేర్చుకున్నదే. రాత్రయితే ఇంటి పెరట్లో ఆరంగుళాల టెలిస్కోపు దగ్గర చేరేవాడు. షికాగో చలికాలం ఎలా ఉంటుందో అక్కడున్న మిత్రులకి నేను చెప్పక్కర్లేదు. ఆ టెలిస్కోపుతో ఆయన కనిపెట్టిన కొత్త జంట నక్షత్రాలు 451!

ఇంతకీ జంట నక్షత్రాలంటే ఏమిటి? మామూలు కంటికి ఒక్కటిగా కనిపించి, టెలిస్కోపులో చూస్తే రెండుగా విడిపోయేవి. వీటిల్లో కొన్ని ఉత్తుత్తి జంటలు. ఒకటి దగ్గరగా, ఇంకొకటి ఎక్కడో దూరంగా ఉంటాయి, మనకి మాత్రం ఒకే వైపు కనిపిస్తాయి, అంతే. మిగతావి నిజంగానే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేవి. మొదట్లో ఈ తేడా ఎవరికీ తెలీదు. 1689 డిసెంబరులో మన పుదుచ్చేరిలోనే ఫాదర్ రిషో అనే ఫ్రెంచి జెస్యూట్, తోకచుక్కని చూస్తూ చూస్తూ ఆల్ఫా సెంటారీ ఒకటి కాదు రెండని గమనించాడు. అప్పట్లో అదొక వింత, అంతే. 1767లో జాన్ మిచెల్ అనే ఇంగ్లీషాయన ప్రాబబిలిటీ లెక్కలేసి, ఇన్ని జంటలు కాకతాళీయంగా కుదరడం అసాధ్యం, కాబట్టి చాలావరకు నిజం జంటలే అయ్యుండాలన్నాడు. సరే, లెక్క బానే ఉంది. రుజువేదీ?

రుజువు చూపించింది విలియం హెర్షెల్. చలికాలం రాత్రుళ్ళు మిథున రాశిలో పక్కపక్కనే రెండు పెద్ద నక్షత్రాలు కనిపిస్తాయి, కాస్టర్, పోలక్స్. మన పునర్వసు నక్షత్రం అంటే ఇవే. వీటిల్లో కాస్టర్‌ని టెలిస్కోపులో చూస్తే అదే మళ్ళీ రెండు. హెర్షెల్ ఆ రెండిటినీ ఇరవయ్యేళ్ళకి పైగా కొలుస్తూ పోయాడు. వాటి మధ్య కోణం మెల్లిగా మారుతోంది. కానీ ఆ వేగానికి ఇరవయ్యేళ్ళు ఏ మూలకి? అప్పుడాయనకి జేమ్స్ బ్రాడ్లీ 1759లో రాసిపెట్టిన ఒక చిన్న గమనిక అక్కరకొచ్చింది. కాస్టర్‌లోని రెండు నక్షత్రాల్నీ కలిపే గీత, కాస్టర్‌నీ పోలక్స్‌నీ కలిపే గీతకి సమాంతరంగా ఉందని. ఒక్క వాక్యం! దాంతో నలభయ్యేళ్ళకి పైగా డేటా చేతికొచ్చింది. 1803లో హెర్షెల్ ఇవి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని తేల్చి, ఒక చుట్టుకి 342 ఏళ్ళని అంచనా కట్టాడు. ఇప్పటి లెక్క ప్రకారం దాదాపు 460 ఏళ్ళు. అంకె తప్పినా అసలు విషయం తప్పలేదు. ఇలా తిరిగే జంటలే లేకపోతే నక్షత్రాల బరువు తూచడానికి మనకి తక్కెడే ఉండేది కాదు.

బ్రాడ్లీ 1762లోనే పోయాడు. తన వాక్యం ఎందుకు పనికొచ్చిందో ఆయనకి తెలీదు.

మళ్ళీ మన స్టెనోగ్రాఫరు దగ్గరికొద్దాం. బర్న్‌హామ్ మొదలుపెట్టేనాటికి, ఉత్తరాకాశంలో జంటల వేట దాదాపు ముగిసిపోయిందని పెద్దలు చాలామంది అనుకునేవాళ్ళు. అనుకోరూ మరి! విల్‌హెల్మ్ స్ట్రూవే అప్పటికే లక్షా ఇరవై వేల నక్షత్రాలు జల్లెడపట్టి, 1827లో 3,112 జంటలతో కేటలాగు వేశాడు. ఆయన టెలిస్కోపు తొమ్మిదిన్నర అంగుళాలు. ఆ తర్వాత ఆయన కొడుకు ఓటో పదిహేనంగుళాలదానితో వెతికాడు. అంతమంది కోసుకుపోయిన చేలో ఆరంగుళాలతో పరిగె ఏరుకోడానికి వెళ్ళినట్టే.

కానీ ఆ ఆరంగుళాల లెన్సు చేసింది ఆల్వన్ క్లార్క్ కంపెనీ. 1862లో పద్దెనిమిదిన్నర అంగుళాల లెన్సొకటి పరీక్షిస్తూ, సిరియస్ పక్కన దాక్కున్న బుల్లి నక్షత్రాన్ని మొదటిసారి చూసింది వీళ్ళే. పెద్దగా ఉండక్కర్లేదు గానీ బొమ్మ మాత్రం సూదిమొనలా రావాలన్నది బర్న్‌హామ్ పట్టుదల. ఆరంగుళాల లెన్సు లెక్క ప్రకారం ముప్పావు ఆర్క్‌సెకండు దూరంలో ఉన్న జంటని విడదీస్తుంది. అంటే రెండున్నర సెంటీమీటర్ల నాణెం ఏడు కిలోమీటర్ల అవతల ఎంత ఉంటుందో అంత! లెన్సుకి తోడు ఆయన కన్ను. పెద్దలు చూసి వదిలేసిన నక్షత్రాన్ని కూడా ఓపిగ్గా మళ్ళీ చూసేవాడు. 1873లో 81 కొత్త జంటలతో మొదటి జాబితా అచ్చయింది.

నాకు బాగా నచ్చిన ముక్క ఇది. మొదట్లో ఆయన దగ్గర కొలిచే పరికరం, అంటే మైక్రోమీటరు లేదు. కోణం, దూరం కంటి అంచనాతో రాసి ఉత్తరంలో పంపేవాడు. ఇటలీలో డెంబోవ్‌స్కీ అనే ఆయన వాటిని కచ్చితంగా కొలిచేవాడు. ఈయనా ఒకప్పటి నౌకాదళ ఆఫీసరు, ఎవరి జీతం కోసమో ఆకాశం చూసినవాడు కాదు. సముద్రానికి అటొకరు ఇటొకరు కూర్చుని, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులాగా నడిపారు.

ఇంకో పనీ చేశాడు. జంటల వివరాలు అప్పట్లో ఎక్కడెక్కడి పత్రికల్లోనో చెల్లాచెదురుగా ఉండేవి. ఒకదాన్ని కొత్తగా చూశానంటే అది నిజంగా కొత్తదో కాదో తేల్చుకోడానికే తలప్రాణం తోకకొచ్చేది. అందుకని అన్నిటినీ ఒకచోట చేర్చి చేత్తో రాసుకోవడం మొదలుపెట్టాడు. మూడు దశాబ్దాల తర్వాత, 1906లో, అది 13,665 జంటల కేటలాగుగా అచ్చయింది. ఈ రోజు అమెరికా నేవల్ అబ్జర్వేటరీ నడిపే జంట నక్షత్రాల డేటాబేసు ఆ వరసలోదే. అందులో లక్షన్నరకి పైగా జంటలున్నాయి.

ఇంత చేసినాయన ఉద్యోగం మానేశాడా అంటే, నాలుగేళ్ళు మాత్రం. 1888లో కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో చేరి, 1892లో వదిలేసి మళ్ళీ షికాగో కోర్టు కొలువుకే వచ్చేశాడు. 1897 నుంచి శని, ఆదివారాలు రైలెక్కి యెర్కిస్ అబ్జర్వేటరీకి వెళ్ళి నలభై అంగుళాల టెలిస్కోపులో చూసేవాడు. వీకెండంటే అదీ! ఆయనకి ఆన్‌కాల్ డ్యూటీ లేదు, ఒప్పుకుంటా.

"ఇప్పుడివన్నీ ఎందుకు, గాయా ఉపగ్రహం ఉందిగా?" అని మీరడగొచ్చు. 2013లో వెళ్ళి 2025 దాకా పనిచేసిన గాయా లక్షల జంటల్ని పట్టిచ్చింది, నిజమే. కానీ దాని రికార్డు పదేళ్ళకి కొంచెం ఎక్కువ. కాస్టర్‌కి ఒక చుట్టు 460 ఏళ్ళు. ఎన్ని కోట్లు పోసినా ఇవాళ్టి టెలిస్కోపుతో 1759 నాటి ఆకాశాన్ని కొలవలేం. ఆ రాత్రి ఎవరో ఒకరు చూసి రాసిపెట్టి ఉండాల్సిందే. ప్రొడక్షన్‌లో ఏదో పగిలి, తీరా చూస్తే ఆ రోజు లాగే లేకపోతే ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా! బర్న్‌హామ్ 1873లో కనిపెట్టిన బీటా డెల్ఫినీ జంట ఒక చుట్టు తిరగడానికి 27 ఏళ్ళు కూడా పట్టదు. అప్పట్నుంచి ఐదు చుట్లు పూర్తిచేసి ఆరో చుట్టులో ఉంది. ఆ ఖాతాలో మొదటి పద్దు పెరట్లో నిలబడి రాసిందే.

అందుకే "తీరిక లేదు" అన్నమాట కన్నా "ఇంకేం మిగల్లేదులే" అన్నమాటే నాకు ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది. తీరిక బర్న్‌హామ్‌కీ లేదు. పెద్దవాళ్ళు చూసేశారు కదా అని ఆయన చూడ్డం మానలేదు, అంతే తేడా.

సిటీ దీపాల వెలుతురులో నెబ్యులాలు, గెలాక్సీలు కనపడవు గానీ ప్రకాశవంతమైన జంటలు బాగానే కనిపిస్తాయి. జనవరి, ఫిబ్రవరి రాత్రుళ్ళు పదింటికి హైదరాబాదులో కాస్టర్ దాదాపు నడినెత్తిమీద ఉంటుంది. రెండున్నర, మూడంగుళాల టెలిస్కోపు చాలు, మేడ మీదికి ఎక్కి చూడండి. చూశాక తేదీ వేసి, రెండు చుక్కలు పెట్టి, ఏది ఏ వైపుందో గీసి ఉంచండి.