కప్పింగ్ చికిత్స

కప్పింగ్ చికిత్స అనగా గాజు, వెదురు లేదా ప్లాస్టిక్ గిన్నెలను చర్మముపై బోర్లించి, లోపలి గాలిని తగ్గించి చర్మమును పైకి లాగు పద్ధతి. యునానీ వైద్యములో దీనిని హిజామా అందురు. సుశ్రుత సంహితలో రక్తమోక్షణమునకు జలగతో పాటు పశువు కొమ్ము, సొరబుర్ర కూడా చెప్పబడినవి. కనుక ఇది మనకు కొత్త వైద్యమేమీ కాదు.

విధానము

గిన్నెలో మంట చూపి గాని, చేతి పంపుతో గాని గాలిని తగ్గించెదరు. ఇది పొడి కప్పింగ్. చర్మముపై చిన్న గాట్లు పెట్టి రక్తము తీసినచో అది తడి కప్పింగ్.

శరీరముపై ప్రభావము

గిన్నె లోపల పీడనము తగ్గగానే ఆ భాగమునకు రక్తము ఎక్కువగా చేరును. సన్నని కేశనాళికలు చిట్లి, రక్తము చర్మము క్రింద వ్యాపించును. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజములపై కనిపించిన గుండ్రని మచ్చలు ఇట్టివే. మచ్చ ఎంత నల్లబడిన అంత "చెడు రక్తము" బయటపడినట్లని కొందరు చెప్పుదురు. ఇది సరికాదు. అది కమిలిన చర్మము మాత్రమే. సాధారణముగా రెండు వారములలోపు మానును. శరీరములోని వ్యర్థములను తొలగించు పని ముఖ్యముగా కాలేయము, మూత్రపిండములది.

మెడ, నడుము నొప్పులకు కొంతకాలము ఉపశమనము కలుగునని కొన్ని పరిశోధనలలో తేలినది. అయితే రోగికి తెలియకుండ ఉత్తుత్తి గిన్నె పెట్టుట కష్టము. కావున ఆ ఉపశమనములో నమ్మకము పాలు ఎంతయో విడదీయుట సులభము కాదు. మధుమేహము, రక్తపోటు మందులు మాని దీనిపై ఆధారపడుట ప్రాణాపాయము.

జాగ్రత్తలు

రక్తహీనత గలవారు, రక్తమును పలుచన చేయు మందులు వాడువారు తడి కప్పింగ్ చేయించుకొనరాదు. శుభ్రపరచని గిన్నెలు, బ్లేడుల వలన హెపటైటిస్ బి వంటి వ్యాధులు సోకవచ్చును. మంట వాడునప్పుడు చర్మము కాలిన సందర్భములు కూడ కలవు.