టీబీ–హెచ్‌ఐవీ జంట సంక్రమణ: చికిత్సలో సమయం, సాయంత్రం మాత్ర

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిని ఎక్కువగా బలితీసుకునే జబ్బు నేటికీ క్షయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో క్షయతో 12.5 లక్షల మంది చనిపోగా, వారిలో 1.61 లక్షల మందికి హెచ్‌ఐవీ ఉంది. 2021 జాతీయ అంచనాల్లో దేశంలోని వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. అంటే ఈ జంట జబ్బు భారం మనమీద ఎక్కువే. రెండింటికీ ప్రభుత్వ మందులు ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా ప్రాణాలు పోతున్నాయంటే, ఉన్న మందులను ఎప్పుడు, ఎలా అందిస్తున్నామన్నదే ముందుగా చూడాలి.

నిర్ధారణ దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఊపిరితిత్తుల్లో గుంటలు పడి తెమడలో క్రిములు విరివిగా కనబడాలంటే శరీరం జబ్బుకు ఎదురు తిరగాలి. రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు బాగా పడిపోయినవారిలో ఆ శక్తి ఉండదు. ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, మైక్రోస్కోపు కింద తెమడలో ఏమీ దొరక్కపోవచ్చు. జబ్బు మాత్రం లింఫు గ్రంథులకు, పొట్టకు, మెదడు పొరలకు పాకుతుంది. అందుకే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) సెంటర్‌కు వచ్చిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు ఉన్నాయా అని అడగాలి. ఒక్కటి ఉందన్నా టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్షకు పంపాలి. ఎంత రద్దీగా ఉన్నా ఈ నాలుగు ప్రశ్నలు మానకూడదు.

ఏఆర్‌టీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చాలాకాలం తేలలేదు. మాత్రలు ఎక్కువై దుష్ప్రభావాలు పెరుగుతాయని, కోలుకుంటున్న రోగనిరోధక శక్తి ఒక్కసారిగా విజృంభించి ఐరిస్ అనే తీవ్ర వాపు ప్రతిచర్య వస్తుందని వైద్యులు వెనకాడేవారు. డర్బన్‌లో సలీం అబ్దుల్ కరీం బృందం 642 మందిపై చేసిన సాపిట్ అధ్యయనం 2010లో దీనికి జవాబిచ్చింది: టీబీ కోర్సు ముగిసేదాకా ఆగకుండా మధ్యలోనే ఏఆర్‌టీ ఇస్తే మరణాలు 56 శాతం తగ్గాయి. మరుసటి ఏడాది కంబోడియా నుంచి కామెలియా అధ్యయనం ఫలితాలు వచ్చాయి. సీడీ4 200 మించని 661 మందిలో, 8 వారాలు ఆగినవారికన్నా 2 వారాలకే మొదలుపెట్టినవారిలో మరణాలు మూడోవంతు తక్కువ. ఐరిస్ ఎక్కువమందికి వచ్చిన మాట నిజమే, అయినా ప్రాణాలు నిలిచాయి. మెదడు పొరల టీబీలో మాత్రం తొందర కూడదు; 4 నుంచి 8 వారాలు ఆగాలి.

టీబీ మందుల మోతాదు విషయంలో మనకు దగ్గరి సాక్ష్యమే ఉంది. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ హెచ్‌ఐవీ ఉన్న 331 మంది టీబీ రోగులపై చేసిన అధ్యయనంలో, రోజూ మందులు వాడినవారిలో 91 శాతం మందికి మంచి ఫలితం దక్కింది. వారానికి మూడు రోజులు వాడినవారిలో 77 శాతమే. టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగని క్రిములు పుట్టింది కూడా ఈ రెండో పద్ధతిలోనే. దేశమంతటా రోజువారీ మోతాదుకు మారడం, ఏఆర్‌టీ సెంటర్‌లోనే టీబీ మాత్రలూ ఇవ్వడం నా దృష్టిలో ప్రభుత్వ టీబీ కార్యక్రమం చేసిన పెద్ద మేలు. రెండు ఆసుపత్రుల మధ్య తిరగలేక మందులు మానేసే అవస్థ దీనితో తగ్గుతుంది.

ఇప్పుడు శ్రద్ధ పెట్టాల్సింది ఇంటి దగ్గర వేసుకునే సాయంత్రం మాత్రపైన. రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను ఉసిగొల్పి హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్‌ను త్వరగా విరిచేస్తుంది. డోలుటెగ్రావిర్ కలిసిన టీఎల్‌డీ మాత్ర రోజుకొక్కటి అప్పుడు చాలదు. 12 గంటల తర్వాత 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ విడిగా వేసుకోవాలి. ఇంట్లో జబ్బు సంగతి చెప్పని మనిషికి రెండో డబ్బా దాచుకోవడం కష్టం. రాత్రి డ్యూటీ చేసేవారికి వేళ కుదరదు. ఆ మాత్ర తప్పితే రక్తంలో మందు పలచబడి వైరస్‌కు సందు దొరుకుతుంది. కాబట్టి కౌన్సెలర్ ఆ వేళను రోగి దినచర్యతో కలిపి మాట్లాడి నిర్ణయించాలి. టీబీ కోర్సు ముగిసిన రోజే ఈ మాత్ర ఆపకూడదు కూడా. రిఫాంపిసిన్ ప్రభావం వెంటనే పోదు, కాబట్టి మరో 2 వారాలు వాడాలి. ఆపాల్సిన తేదీని ఏఆర్‌టీ కార్డు మీద రాసి, రోగికి చదివి వినిపించి పంపాలి.