మొక్కలు నాటిన చేతులు

"పోడు కొట్టి అడవిని పాడు చేసేవాళ్లు" అనే మాట మన్యంలో పుట్టిన మనందరం విన్నదే. దానికి జవాబు మన కొండవాలుల మీదే నిలబడి ఉంది. పాడేరు, చింతపల్లి, అరకు, అనంతగిరి కొండల్లో కాఫీకి నీడనిస్తున్న సిల్వర్ ఓక్ చెట్లను నాటింది ఆదివాసులే.

1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల్లో పోడు నేరమైంది. పోడుపై ఆంక్షలూ, రోడ్డు పనుల్లో వెట్టీ 1922 మన్యం తిరుగుబాటుకు కారణాలు. ఆ మధ్యకాలంలోనే, 1898లో, పాములేరు లోయకు తెల్లవాళ్లు కాఫీ తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక, పోడు తగ్గుతుందనీ మట్టి కోత ఆగుతుందనీ ప్రభుత్వమే కాఫీ తోటలు పెంచింది. పోడు చేసిన చేతులే అక్కడ కూలికి మొక్కలు నాటాయి.

ఆ పని ఎలా ఉండేదో మాకు మా అమ్మల నోటి నుంచి తెలుసు. నాటేది వానల్లో అయినా, అసలు పని మాఘ, ఫాల్గుణాల్లోనే మొదలయ్యేది. గెడ్డ పక్కన మళ్లు కట్టి, పైన పందిరి వేసి కాఫీ గింజలు చల్లేవారు. గింజను నెత్తిన టోపీలా మోస్తూ మొలక పైకి లేవగానే, వేరు వంగకుండా తీసి మట్టి, పశువుల ఎరువు, ఇసుక కలిపి నింపిన సంచుల్లోకి మార్చేవారు. సంచులు నింపడం, గెడ్డ నీళ్లు మోసి తడపడం ఆడవాళ్ల పని. మగవాళ్లు వాలుకు అడ్డంగా తాడు పట్టి, ఆరడుగులకు ఒక పుల్ల పాతి, పుల్ల దగ్గర అడుగున్నర గొయ్యి తీసేవారు. రాయి తగిలితే గునపం మోగేది, ఆ రోజు లెక్క తగ్గేది.

పొద్దున చోడి అంబలి తాగి కొండెక్కితే, మధ్యాహ్నం మళ్లీ అంబలే. పసిపిల్లలు చెట్టు కొమ్మకు కట్టిన చీర ఊయలలో నిద్రపోయేవారు. ఇటుకల పండుగకు మాత్రం ఎవరూ పనికి వెళ్లేవారు కాదు. తొలకరి పడగానే గంపల్లో మొక్కలు మోసి నాటేవారు.

తోట కాపుకొచ్చేసరికి నాటినవారి పేరు ఎక్కడా మిగల్లేదు. మస్తరులో వేలిముద్రలే పడ్డాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనకు సంతోషమే. కానీ మొక్కకు గుర్తింపు వచ్చినంత మాత్రాన నాటినవారికి వచ్చినట్టు కాదు.

ఇది గౌరవం విషయమే కాదు, భూమి విషయం కూడా. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న అటవీ భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా, ఆదివాసి కుటుంబం హక్కు కోరవచ్చు. ఆ చట్టం నియమాలు సాక్ష్యాల్లో ఒకటిగా పెద్దల వాంగ్మూలాన్ని ఒప్పుకుంటాయి. అయితే అది కాగితం మీద ఉండాలి, చెప్పేవారు హక్కు కోరేవారు కాకూడదు.

అందుకే ఉపాధ్యాయ మిత్రులారా, చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఊరి పెద్దల దగ్గర కూర్చోండి. ఏ వాలులో ఏ ఏడు ఏ మొక్క వేశారో, అంతకుముందు అక్కడ ఎవరి చోళ్లు పండేవో అడిగి రాసుకోండి. ఒక్కో ముసలవ్వ పోయినప్పుడు ఒక్కో కొండ చరిత్ర పోతోంది. అది పోకముందే రాయాల్సింది మనమే.