వంశం ఆయనది, నింద ఆమెది

అచ్చంపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయినవాణ్ని. పిల్లలు కాలేదని వచ్చే జంటల్లో ఆమె చేతిలో లావుపాటి ఫైలు ఉండేది: స్కానింగులు, థైరాయిడ్ రిపోర్టులు, ట్యూబుల ఎక్స్‌రేలు. ఆయన పేరు మీద ఒక్క కాగితం ఉండేది కాదు. ‘‘మొగోనికి పరీక్షేంది సారూ, మంచిగనే ఉన్నడు గద’’ అనేది వెంట వచ్చిన అత్త.

ఆ మాట ఆమె సొంతంగా పుట్టించింది కాదు. పిల్లలు పుట్టని భార్యను ఎనిమిదో ఏట పక్కనపెట్టి ఇంకొకరిని చేసుకోవచ్చని మనుస్మృతి కాలంలోనే రాసిపెట్టారు. మా పాలమూరు, నల్లగొండ ఊళ్లలో అంత ఓపిక కూడా పట్టేవాళ్లు కాదు. పెండ్లయి నాలుగైదేండ్లు దాటితే ఆమెను తొట్టెలకు పిలవడం మానేసేవాళ్లు. యాదగిరిగుట్టలో తడిబట్టలతో ప్రదక్షిణలు ఆమెవి, ముడుపులు ఆమెవి, ఒక్కపొద్దులు ఆమెవి. అయినా కడుపు పండకపోతే ఆయనకు రెండో పెండ్లి, చాలాసార్లు ఆమె చెల్లెలితోనే. 1955 హిందూ వివాహ చట్టం దాన్ని నేరం చేశాక కూడా ఊళ్లలో నడిచింది. రెండో ఆమెకూ కాకపోతే ఇంటికేదో శాపం తగిలిందనేవాళ్లు గానీ, ఆయన వైపు వేలు చూపినవాళ్లు లేరు.

ఉన్నవాళ్లకు దత్తత ఉండేది. కొల్లాపురం నుంచి జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి వారింట్లో 19వ శతాబ్దం చివర రాజైన వెంకట లక్ష్మారావు వెంకటగిరి నుంచి దత్తత వచ్చినవారే. దత్తతతో ఇంటిపేరును నిలబెట్టుకోవచ్చు. రక్తంలో దానిలాగే నడిచేది ఇంకొకటి ఉంది, దాన్ని దత్తత ఇవ్వలేం. అదే వై క్రోమోజోమ్. తండ్రి నుంచి కొడుక్కు, కొడుకు నుంచి మనవడికి దాదాపు మారకుండా పోతుంది.

మా నల్లమల చెంచుల్లో చిగుర్ల, నిమ్మల, తోకల వంటి ఇంటిపేర్లున్నాయి. ఒకే ఇంటిపేరు వాళ్లు పెండ్లాడరు. 1940లో అమ్రాబాద్ గుట్టలెక్కి వాళ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఆ వంశాల లెక్కను 1943లో వచ్చిన తన పుస్తకంలో రాసిపెట్టాడు. అరవై ఏండ్లకు, 2003లో, ఒక అంతర్జాతీయ బృందం చెంచుల, కోయల వై క్రోమోజోములను పరీక్షించింది. అడవిలో ఉన్నవాళ్లూ, ఊళ్లలోని కులాలవాళ్లూ చాలామట్టుకు ఒకే పాత వారసత్వం పంచుకున్నవాళ్లేనని చెప్పింది. కులాల గొప్పలకు ఆ వై ఇచ్చిన జవాబు అది. పిల్లలు పుట్టని మగవాళ్ల సంగతి కూడా అదే వై చెప్పడం మొదలుపెట్టింది.

నేను చూసింది స్లైడు వరకే. మూడు రోజులు ఆగి ఇచ్చిన వీర్యం నమూనాను అరగంట పక్కన పెడితే జిగట విడుతుంది. ఒక చుక్క వేసి కవర్‌స్లిప్ కప్పి మైక్రోస్కోపు కింద పెడితే, మామూలుగా శుక్రకణాలు తోకలాడిస్తూ అడ్డదిడ్డంగా ఉరుకుతుంటాయి. కొన్ని స్లైడ్లలో ఒక్కటీ కనిపించదు. అప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరిన మడ్డిలో వెతకాలి. అందులోనూ లేకపోతే ‘నిల్’ అని రాసేవాణ్ని. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, ‘‘అమ్మకు చెప్పకు సారూ’’ అనేవాళ్లు. ఎందుకు నిల్ అనేది నా మైక్రోస్కోపు చెప్పేది కాదు.

దానికి గవదబిళ్లలు, నాళాలు మూసుకుపోవడం, హార్మోన్లు, ఇలా చాలా కారణాలుంటాయి. వాటిలో వై కూడా ఒకటని 1976లో ఇటలీలో తీపోలో, జుఫార్డీ చూపించారు. 1,170 మంది మగవాళ్లను పరీక్షిస్తే, శుక్రకణాలే లేని ఆరుగురిలో వై పొడుగు చేయి కొస తెగిపోయి ఉంది. 2003లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో తంగరాజ్ బృందం శుక్రకణాలు లేని 340 మంది భారతీయులను పరీక్షించి 29 మంది వైలో ముక్కలు ఊడిపోయాయని తేల్చింది. అంటే నూటికి ఎనిమిదిన్నర మంది. ఆ ముక్కలు ఊడే కారణాన్ని అమెరికాలో డేవిడ్ పేజ్ బృందం బయటపెట్టింది. వైలో ఒకేలాంటి డీఎన్ఏ అక్షరాల వరుసలు మళ్లీమళ్లీ వస్తాయి. అవి ఒకదానితో ఒకటి పెనవేసుకున్నప్పుడు మధ్య భాగం ఊడిపోతుంది. చాలామట్టుకు తండ్రిలో ఆ లోపం ఉండదు, కొడుకులో కొత్తగా వస్తుంది. కనుక ఇంటి శాపం అనేదానికి ఇక్కడ చోటు లేదు.

ఆ పునరుక్తుల వల్లనే వై సగానికి పైగా చదవకుండా మిగిలిపోయింది. పొడుగు ముక్కలను ఏకబిగిన చదివే యంత్రాలు వచ్చాక, 2023 ఆగస్టులో మొత్తం 6,24,60,029 అక్షరాలూ పూర్తయ్యాయి. మూడు కోట్లకు పైగా అక్షరాలు, 41 జన్యువులు కొత్తగా చేరాయి. అప్పుడే ఇంకో బృందం 43 మంది వైలను పోల్చి చూస్తే, ఒకరిది నాలుగున్నర కోట్ల అక్షరాలు, ఇంకొకరిది ఎనిమిదిన్నర కోట్లు. ఎవరిలో తేడా మామూలుదో, ఎవరిలో జబ్బుదో తెలియాలంటే మన దిక్కు మగవాళ్లవి కూడా ఇంకా చదవాలి.

వై సంగతి తెలియడం వల్ల పేదవాడికి కలిగే మేలు కూడా పెద్దదే. ఊడిపోగల చోట్లు మూడు: ఏ, బీ, సీ. ఏ గానీ బీ గానీ పూర్తిగా పోతే వృషణాల్లో సూది పెట్టి వెతికినా కణాలు దొరకవు. సీ మాత్రమే పోతే దొరకొచ్చు, కానీ పుట్టే కొడుక్కూ అదే లోపం వస్తుంది. పొలం కుదువబెట్టి, శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ చికిత్సకు పోయేముందు, రక్తంతో చేసే పీసీఆర్ పరీక్ష ఈ సంగతి చెప్పేస్తుంది.

వై ఆడవాళ్లలో ఉండనే ఉండదు. అందులో తెగిన ముక్కకు ఏ కోడలూ జవాబుదారీ కాదు. ట్యూబుల ఎక్స్‌రే నొప్పి పెడుతుంది, డబ్బులూ గుంజుతుంది. ఆయన పరీక్షకు ఒక చిన్న డబ్బా, అరగంట చాలు. అందుకే నన్ను అడిగినవాళ్లకు ఇప్పటికీ ఒకటే చెప్తాను: మొదట మొగుడికి, తర్వాతే ఆమెకు.