మన పెద్దేముల్ నేల కథ

ఊరి చరిత్ర అంటే చాలామంది నిజాం జమానా కాడ మొదలుపెడతరు. నేను ఇంకా కిందికి పోత, బాయి తవ్వినంత లోతుకు.

తాండూరు దిక్కు తవ్వితే మట్టి కింద నాపరాయి తగులుతది. ఎప్పుడో ఈడ సముద్రం ఉండె. దాని అడుగున పేరుకున్న సున్నపు బురద పొరలు పొరలుగా గట్టిపడి బండయింది. అందుకే ఉలి పెట్టి కొడితే పలకల్లెక్క లేస్తది. చాలా కాలానికి, సుమారు ఆరున్నర కోట్ల ఏండ్ల కింద, దాని మీద లావా పారింది. ఆ లావా రాయే ఎండకు వానకు మాగి, కొన్ని దిక్కుల నల్లరేగడి, ఎత్తు మీద ఎర్రమట్టి అయింది.

మన కందిపప్పు రుచి ఈ నేలదే. 2022 డిసెంబర్‌ల తాండూరు కందికి జీఐ గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది పక్కన యాలాల రైతుల కంపెనీనే. లోతైన నల్లరేగడి, అండ్ల ఉండే అట్టాపుల్గైట్ అనే బంకమన్ను, కింది సున్నపురాయి, ఇవే కందికి ఆ గుణం ఇస్తున్నయని చెప్పిన్రు.

నీళ్ల సంగతి ఇంకా చిత్రం. అనంతగిరి గుట్టలల్ల పుట్టి మూసీ తూర్పుకు, కాగ్నా పడమరకు పోతయి. కాగ్నా భీమల కలిసి, భీమ కృష్ణల కలుస్తది. మూసీ వాడపల్లి కాడ అదే కృష్ణల పడుతది. వేరుపడ్డ అన్నదమ్ములు చివరికి ఒక్కతాన కలిసినట్టే. కోట్‌పల్లి ప్రాజెక్టు కూడా కాగ్నాల కలిసే వాగు మీద కట్టిందే, 1967ల.

ఇగ సర్కారు లెక్కలు. 1874ల వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలుపట్టా పడ్డది, తాండూరు బండకు దూరం బజార్లు దొరికినయి. 1956 దాక తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాల ఉండె. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు గుల్బర్గా మైసూరుకు పోయింది, తాండూరు, కొడంగల్ మాత్రం ఇటు వచ్చినయి. మన మాటల్ల కన్నడం ఎందుకు కలుస్తదని అడిగేటోళ్లకు ఇదే జవాబు. 1978ల రంగారెడ్డి జిల్లా, 2016ల వికారాబాద్ జిల్లా అయినం.

ఇప్పుడు ఆ ఎర్రమట్టి సిమెంటు కోసం లారీలల్ల పోతున్నది. పైసలు అవసరమున్నోళ్లు భూమి ఇస్తరు, నేను తప్పు పట్ట. కానీ లీజు కాగితం మీద సంతకం పెట్టేముందు రెండు ముచ్చట్లు రాయించుకోండి: పై మట్టి తీసి పక్కకు కుప్ప పెట్టాలె, పని అయినంక గుంత పూడ్చి ఆ మట్టే మళ్ల పరవాలె. రాయించుకోకపోతే వానకాలం ఆ గుంతల నీళ్లు నిలుస్తయి, కంది పెట్టనీకి రాదు.