శస్త్రచికిత్స అనంతరం కుందేలు సంరక్షణ

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో పిల్లల ముచ్చట కొరకు కుందేళ్ళను పెంచే కుటుంబాలున్నాయి. గర్భాశయ వ్యాధికో, గడ్డకో వాటికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు. స్థానికంగా వీలుకానిచో బెంగళూరు హెబ్బాళలోని పశువైద్య కళాశాలలో విచారించవచ్చును.

బ్రిటన్‌లో 2008లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం మత్తు సంబంధిత మరణాలు కుక్కలలో 0.17 శాతం, పిల్లులలో 0.24 శాతం కాగా కుందేళ్ళలో 1.39 శాతం. వీటిలో సగానికి పైగా శస్త్రచికిత్స ముగిసిన తరువాతనే సంభవించాయి. కనుక ఆ తరువాతి సంరక్షణ అత్యంత ముఖ్యం.

పస్తు వద్దు: మనుషులకు వలె రాత్రంతా పస్తు ఉంచరాదు. కుందేలు వాంతి చేసుకోలేదు. పేగుల కదలిక ఆగితే ప్రాణాపాయం. అది రోజూ తినే మేతను వెంట తీసుకొని వెళ్ళాలి.

వెచ్చదనం: కుందేలు సహజ శరీర ఉష్ణోగ్రత సుమారు 101 నుండి 104 డిగ్రీల ఫారెన్‌హీట్. మత్తులో అది తగ్గిపోతుంది. గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన ఉంచాలి. వేడి ఎక్కువైతే తొలగడానికి చోటుండాలి. కుక్కలు, సందడి లేని గదిలో నేలమీదనే ఉంచాలి.

మేత: పూర్తిగా తెలివి వచ్చిన వెంటనే నీరు, ఎండుగడ్డి, గరిక, కొత్తిమీర అందించాలి. మన ప్రాంతపు మల్బరీ ఆకును కూడా ఇష్టంగా తింటుంది. మందు చల్లిన తోటది మాత్రం పెట్టరాదు. మగతలో ఉండగా నోట్లో ఏమీ పోయరాదు. పన్నెండు గంటలపాటు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా తెల్లవారే వరకు ఆగక వైద్యుని సంప్రదించాలి.

నొప్పి, మందులు: ముడుచుకొని కూర్చోవడం, కన్నులు అరమూయడం, పండ్లు కొరకడం నొప్పికి గుర్తులు. ఇంటిలోని మాత్రలు వేయరాదు. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులను నశింపజేసి ప్రాణం తీయగలదు.

గాయం: ఉదయం, సాయంత్రం చూడాలి. వాపు, తడి, దుర్వాసన, ఈగలు కనిపిస్తే ఆలస్యం చేయరాదు. పసుపు, బూడిద, నూనె పూయరాదు. బీజకోశాలు తీసిన మగ కుందేలును నాలుగు నుండి ఆరు వారాలు ఆడవాటికి దూరంగా ఉంచాలి. అంతవరకు సంతానం కలిగే అవకాశముంటుంది.

ఆసుపత్రి చీటీ కన్నడంలో ఉంటే ‘అరివళికె’ అనగా మత్తు, ‘హొలిగె’ అనగా కుట్లు. బడికి వెళ్ళే పిల్లలచే దానిని చదివించి, మందుల వేళలను తెలుగులో వ్రాసి గోడకు అంటించుకోవడం మేలు. రాత్రివేళ ఎవరిని పిలువవలెనో ఇంటికి బయలుదేరక ముందే అడిగి తెలుసుకోవాలి.